ప్రభుత్వ ఆసుపత్రులలో నవజాత శిశు మరణాలు

పుట్టిన నాటి నుండి 28 రోజులు నిండని శిశువును నవజాత శిశువు అంటారు. ఈ 28 రోజులలోపు సంభవించే మరణాన్ని నవజాత శిశు మరణం అనీ, సజీవంగా జన్మించిన ప్రతి వెయ్యి మంది శిశువులలో ఇటువంటి మరణాలు ఎన్ని జరిగాయో తెలిపే సంఖ్యను నవజాత శిశు మరణాల రేటు అనీ వ్యవహరిస్తారు. భారత ప్రభుత్వపు నమూనా నమోదు పద్ధతి లెక్కల ప్రకారం ఈ రేటు భారతదేశంలో 2005లో 37 ఉండగా, 2021 నాటికి 19కి తగ్గింది. అయినప్పటికీ దేశంలో జననాల సంఖ్య చాలా పెద్దది కావడం వలన, 2021 నాటి రేటు ప్రకారం చూసినా ఏటా నాలుగు లక్షల మందికి పైగా శిశువులు పుట్టిన నెలలోపే మరణిస్తున్నట్లు లెక్క.

ఒకప్పుడు ఈ మరణాలు ఎక్కువగా ఇళ్ళలో జరిగేవి. కాన్పులు ఇళ్ళ నుండి ఆసుపత్రులకు మారిన తరువాత మరణాలు కూడా ఆసుపత్రులలో, ముఖ్యంగా పేద కుటుంబాలు ఆశ్రయించే ప్రభుత్వ ఆసుపత్రులలో నమోదు అవుతున్నాయి. అందువలన ఒక ఆసుపత్రిలో కొద్ది రోజులలో అనేకమంది శిశువులు మరణించారన్న వార్త తరచుగా వెలువడుతున్నది. ఇటువంటి మరణాలలో కొన్నిటికి ఆ ఆసుపత్రిలోని లోపాలే కారణం. మరికొన్నిటికి కారణాలు తల్లి గర్భవతిగా ఉన్నప్పటి నుండి, ఆసుపత్రికి చేరే దారిలో, మొదట కాన్పు జరిగిన చోట ఏర్పడి ఉంటాయి. ఈ రెండింటినీ వేరు చేసి చూడనిదే నివారణ సాధ్యం కాదు.

నిర్వచనాలు

నవజాత శిశు మరణాలను రెండు భాగాలుగా విభజిస్తారు. పుట్టిన మొదటి ఏడు రోజులలో సంభవించేవి తొలి నవజాత మరణాలు. ఆ తరువాత 28 రోజులు నిండేలోపు సంభవించేవి మలి నవజాత మరణాలు. భారతదేశంలో నవజాత మరణాలలో దాదాపు నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే జరుగుతున్నాయి. మూడింట ఒక వంతుకు పైగా మొదటి రోజునే జరుగుతున్నాయి. అనగా కాన్పు జరిగిన గదిలోను, ఆ తరువాతి కొద్ది గంటలలోను లభించే సేవ మీదనే శిశువు ప్రాణం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

శిశు మరణాల రేటు అన్నది వేరొక కొలత. ఏడాది నిండేలోపు జరిగే మరణాలన్నీ దానిలో చేరతాయి. 2021లో భారతదేశంలో శిశు మరణాల రేటు 27. అంటే ఏడాదిలోపు మరణిస్తున్న ప్రతి పది మందిలో ఏడుగురు మొదటి నెల దాటడం లేదు. టీకాలు, నీళ్ళ విరేచనాలకు చికిత్స మొదలైన వాటి వలన నెల దాటిన పిల్లల మరణాలు వేగంగా తగ్గాయి. మొదటి నెల మరణాలు అంత వేగంగా తగ్గలేదు.

గర్భంలోనే మరణించి పుట్టిన శిశువును మృత శిశు జననంగా నమోదు చేస్తారు. పుట్టిన తరువాత ఒక్కసారైనా ఊపిరి తీసుకున్న శిశువు మరణిస్తే అది నవజాత మరణం. ఈ రెండింటి మధ్య భేదాన్ని సరిగా నమోదు చేయనిచోట నవజాత మరణాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి.

నేపథ్యం

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. అదే సమయంలో మొదలైన జననీ సురక్షా యోజన పథకం క్రింద ఆసుపత్రిలో కాన్పు చేయించుకున్న తల్లులకు నగదు సహాయం ఇవ్వబడింది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పును, సిజేరియన్ శస్త్రచికిత్సను, మందులను, రవాణాను, జబ్బుపడిన నవజాత శిశువు చికిత్సను పూర్తిగా ఉచితం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ తరువాత ఇతర రాష్ట్రాలకు విస్తరించింది.

వీటి ఫలితంగా కాన్పు జరిగే చోటు మారిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో ఆసుపత్రి కాన్పులు, నవజాత మరణాల రేటు ఈ విధంగా ఉన్నాయి.

* 2005-06: ఆసుపత్రి కాన్పులు 38.7 శాతం, నవజాత మరణాల రేటు 39.0
* 2015-16: ఆసుపత్రి కాన్పులు 78.9 శాతం, నవజాత మరణాల రేటు 29.5
* 2019-21: ఆసుపత్రి కాన్పులు 88.6 శాతం, నవజాత మరణాల రేటు 24.9

మొదటి పదేళ్ళలో ఆసుపత్రి కాన్పులు రెట్టింపు అయ్యాయి. మరణాల రేటు మాత్రం నాలుగింట ఒక వంతు మాత్రమే తగ్గింది. కాన్పును ఆసుపత్రికి తీసుకురావడం మొదటి మెట్టే గాని, అక్కడ లభించే సేవ నాణ్యత వేరే విషయమని ఈ అంకెలు తెలుపుతున్నాయి. 2019-21 నాటికి దేశంలోని కాన్పులలో సుమారు 62 శాతం ప్రభుత్వ ఆసుపత్రులలోనే జరిగాయి. కావున నవజాత మరణాల సమస్య ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రుల సామర్థ్యానికి సంబంధించిన సమస్యగా మారింది.

జబ్బుపడిన నవజాత శిశువులకు జిల్లా స్థాయిలోనే చికిత్స అందించవచ్చునని పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో ఏర్పాటైన ప్రత్యేక కేంద్రం నిరూపించింది. ఆ నమూనాను తరువాత దేశమంతటా అమలు చేశారు. ప్రస్తుతం ప్రభుత్వ వ్యవస్థలో మూడు అంచెలు కలవు. కాన్పులు జరిగే ప్రతి చోట శిశువుకు ఊపిరి అందించడానికి, వెచ్చగా ఉంచడానికి ఏర్పాటు ఉన్న నవజాత శిశు సంరక్షణా మూల ఉండాలి. ప్రాంతీయ ఆసుపత్రులలో నవజాత శిశు స్థిరీకరణ కేంద్రం ఉండాలి. జిల్లా ఆసుపత్రులలోను, వైద్య కళాశాలల ఆసుపత్రులలోను కనీసం 12 పడకలతో ప్రత్యేక నవజాత శిశు సంరక్షణా కేంద్రం ఉండాలి. వాడుకలో దీనిని ఎస్‌ఎన్‌సియు అంటారు. 2020 దశకం తొలినాటికి దేశంలో ఇటువంటి కేంద్రాలు 900కు పైగా ఏర్పడ్డాయి.

మరణానికి ప్రత్యక్ష కారణాలు

2014లో భారత ప్రభుత్వం విడుదల చేసిన నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక ప్రకారం మరణాలలో 35 శాతానికి నెలలు నిండకుండా పుట్టడం, 33 శాతానికి అంటురోగాలు, 20 శాతానికి కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, 9 శాతానికి పుట్టుకతో వచ్చే లోపాలు కారణాలు.

నెలలు నిండకుండా పుట్టడం

గర్భం 37 వారాలు పూర్తికాక ముందే జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటారు. పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువ తూగిన శిశువును తక్కువ బరువు శిశువు అంటారు. ఇటువంటి శిశువుకు చర్మం క్రింద కొవ్వు తక్కువగా ఉండడం వలన శరీరం త్వరగా చల్లబడుతుంది. ఒళ్ళు చల్లబడిన శిశువుకు రక్తంలో చక్కెర తగ్గిపోతుంది, ఊపిరి మందగిస్తుంది, పాలు చీకే శక్తి తగ్గుతుంది. ఊపిరితిత్తుల గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం గర్భం చివరి వారాలలో గాని తగినంతగా తయారు కాదు. అందువలన ముందుగా పుట్టిన శిశువులకు శ్వాస తీసుకోవడం కష్టమవుతుంది. ఒక పూట ఆలస్యంగా పాలు పట్టడం, తడి తుడవకుండా వదలడం వంటి చిన్న పొరపాట్లు కూడా వీరికి ప్రాణాంతకం కావచ్చును.

కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం

నూరు మంది శిశువులలో ఐదు నుండి పది మందికి మొదటి ఊపిరి తీసుకోవడానికి ఎంతో కొంత సహాయం అవసరమవుతుంది. వీరిలో చాలామందికి ఒంటిని తుడిచి రుద్దడం, సంచి-ముసుగు సాధనంతో గాలి అందించడం సరిపోతుంది. ఈ పని పుట్టిన మొదటి నిమిషంలోనే మొదలు కావలెను. దీనికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. చేయి తిరిగిన నర్సు ఆ నిమిషంలో కాన్పు బల్ల వద్ద ఉండడం అవసరం. కష్టమైన కాన్పులో గర్భస్థ శిశువు గుండె కొట్టుకొనే వేగాన్ని మాటిమాటికీ పరీక్షించకపోవడం, సిజేరియన్ అవసరమైనప్పుడు శస్త్రచికిత్స గది గాని, మత్తు డాక్టరు గాని అందుబాటులో లేకపోవడం ఈ మరణాలకు ముఖ్య కారణాలు. బ్రతికి బయటపడిన శిశువులలో కొందరికి మెదడు దెబ్బతిని జీవితాంతం వైకల్యం మిగులుతుంది.

అంటురోగాలు

సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి శరీరమంతటా వ్యాపించే స్థితిని సెప్సిస్ అంటారు. ఢిల్లీలోని మూడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో 2011-14 మధ్య జరిపిన ఒక అధ్యయనం ఫలితాలు 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడ్డాయి. ఆయా ఆసుపత్రులలోనే పుట్టి, అక్కడి నవజాత శిశు చికిత్సా విభాగాలలో చేరిన 13,530 మంది శిశువులను పరిశీలించగా 14 శాతం మందికి సెప్సిస్ సోకినట్లు తేలింది. మూడింట రెండు వంతుల కేసులు పుట్టిన 72 గంటలలోపే బయటపడ్డాయి. రక్త పరీక్షలో సూక్ష్మజీవి నిర్ధారణ అయిన శిశువులలో దాదాపు సగం మంది మరణించారు. అక్కడ అత్యధికంగా కనిపించిన సూక్ష్మజీవి అసినిటోబాక్టర్. దీనిలో 82 శాతం రకాలు పలు యాంటీబయాటిక్ మందులకు లొంగలేదు.

అసినిటోబాక్టర్ ఆసుపత్రి వాతావరణంలో పాతుకుపోయే సూక్ష్మజీవిగా పేరుపొందినది. ఇది పుట్టిన మూడు రోజులలోపే శిశువు రక్తంలో కనిపించడాన్ని బట్టి, కాన్పు గది నుండి, చికిత్సా పరికరాల నుండి, సిబ్బంది చేతుల నుండి సూక్ష్మజీవులు శిశువును చేరుతున్నాయని భావించవలసి ఉన్నది. ప్రాణం కాపాడవలసిన చోటే వ్యాధి సోకడం ఆసుపత్రి కాన్పుల విధానానికి ఎదురైన అతి పెద్ద సవాలు.

పుట్టుకతో వచ్చే లోపాలు

గుండె, వెన్నెముక, పేగులు మొదలైన అవయవాలలో లోపాలతో పుట్టిన శిశువులకు తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతుంది. మేనరికపు వివాహాలు దక్షిణాది రాష్ట్రాలలో, అందులోను తెలుగు రాష్ట్రాలలో ఇతర ప్రాంతాల కంటే ఎక్కువ. దగ్గరి రక్త సంబంధీకుల మధ్య జరిగే వివాహాల వలన కొన్ని రకాల జన్యు లోపాలు కలిగే అవకాశం పెరుగుతుంది.

ముప్పును పెంచే అంశాలు

తల్లి ఆరోగ్యం

శిశువు బరువు తల్లి ఆహారం, వయస్సు, ఆరోగ్యంపై ఆధారపడి ఉంటుంది. 2019-21 సర్వే ప్రకారం దేశంలో గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నది. పుట్టిన శిశువులలో సుమారు 18 శాతం మంది తక్కువ బరువు కలవారు. 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 ఏళ్ళు నిండక ముందే వివాహం జరిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ముప్పును పెంచే ఇతర అంశాలు ఇవి.

* వాడుకలో గుర్రపువాతం అనబడే, రక్తపోటు పెరిగి మూర్ఛలకు దారితీసే వ్యాధి
* మధుమేహం, థైరాయిడ్ లోపం
* కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం తక్కువగా ఉండడం
* కవల పిల్లలు
* ఉమ్మనీరు ముందుగా పోయి చాలాసేపు గడచిపోవడం
* గర్భిణిగా ఉన్నప్పుడు బరువైన కూలి పనులు, పొగ నిండిన వంటగది

మూడు జాప్యాలు

ప్రసూతి మరణాలను వివరించడానికి థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో ప్రతిపాదించిన మూడు జాప్యాల సిద్ధాంతం శిశు మరణాలకు కూడా వర్తిస్తుంది. మొదటిది, ప్రమాదాన్ని గుర్తించి ఆసుపత్రికి బయలుదేరాలని నిర్ణయించుకోవడంలో జాప్యం. రెండవది, ఆసుపత్రికి చేరడంలో జాప్యం. మూడవది, ఆసుపత్రికి చేరిన తరువాత చికిత్స అందడంలో జాప్యం.

అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి మన్య ప్రాంతాలలో రోడ్డు లేని గిరిజన గూడేల నుండి గర్భిణులను డోలీలో మోసుకొని రావడం నేటికీ జరుగుతున్నది. ఇది రెండవ జాప్యానికి ఉదాహరణ. దీనికి పరిష్కారంగా నెలలు నిండిన గిరిజన స్త్రీలు కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు సాలూరు వంటి చోట్ల గర్భిణీ వసతి గృహాలను ఏర్పాటు చేశారు.

మూడవ జాప్యానికి మరొక రూపం కూడా కలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి ప్రాంతీయ ఆసుపత్రికి, అక్కడి నుండి జిల్లా ఆసుపత్రికి, చివరకు బోధనాసుపత్రికి పంపించడంలోనే పుణ్యకాలం కాస్తా గడచిపోతుంది. దారి పొడవునా శిశువును వెచ్చగా ఉంచే ఏర్పాటు, ప్రాణవాయువు లేకపోతే ఆఖరి ఆసుపత్రికి చేరేసరికి చికిత్సకు సమయం మిగలదు. ప్రైవేటు నర్సింగ్ హోములలో కొద్ది రోజులు చికిత్స చేయించి, చేతిలో డబ్బు అయిపోయిన తరువాత ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే శిశువులు కూడా ఈ కోవకే చెందుతారు.

ముందుగా నిర్ణయించిన కాన్పులు

2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ఇది దేశంలోనే అత్యధికం. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది 44.5 శాతం కాగా, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. వైద్యపరంగా అవసరమైనప్పుడు సిజేరియన్ తల్లీబిడ్డల ప్రాణాలు నిలుపుతుంది. అయితే తిథి, నక్షత్రం చూసుకొని ముహూర్తానికి శస్త్రచికిత్స చేయించే అలవాటు తెలుగువారిలో కనిపిస్తున్నది. నొప్పులు మొదలు కాకముందే 37 లేదా 38వ వారంలో శిశువును బయటకు తీసినప్పుడు ఊపిరితిత్తులలోని నీరు పూర్తిగా ఇంకక శ్వాస ఇబ్బంది కలగవచ్చును. ఇటువంటి శిశువులు కూడా చికిత్సా కేంద్రంలో చేరి, మరింత అవసరమున్న శిశువులకు దక్కవలసిన పడకలను ఆక్రమిస్తారు.

ఆసుపత్రులలోని లోపాలు

పడకలు, సిబ్బంది కొరత

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఏడాదికి మూడు వేల కాన్పులు జరిగే ఆసుపత్రికి 12 పడకల ప్రత్యేక కేంద్రం ఉండాలి. ఆపై జరిగే ప్రతి వెయ్యి కాన్పులకు మరో నాలుగు పడకలు చేర్చాలి. ప్రతి షిఫ్టులోను మూడు, నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలి. ఆచరణలో రద్దీ పెరిగినప్పుడు ఒకే వార్మర్‌పై ఇద్దరు, ముగ్గురు శిశువులను పడుకోబెట్టడం పరిపాటి. అప్పుడు ఒకరి వ్యాధి మరొకరికి సోకుతుంది. నర్సుల సంఖ్య సరిపోనప్పుడు శిశువుకూ శిశువుకూ మధ్య చేతులు కడుక్కునే వ్యవధి కూడా ఉండదు. రాత్రి షిఫ్టులోను, సెలవు దినాలలోను ఈ కొరత మరింత ఎక్కువగా ఉంటుంది. శిక్షణ పొందిన నర్సులను తరచుగా ఇతర వార్డులకు బదిలీ చేయడం వలన శిక్షణ వృథా అవుతున్నది.

పరికరాలు, ప్రాణవాయువు

2017 ఆగస్టులో ఉత్తర ప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో బాబా రాఘవదాస్ వైద్య కళాశాల ఆసుపత్రిలో కొద్ది రోజుల వ్యవధిలో 60 మందికి పైగా పిల్లలు మరణించారు. వారిలో నవజాత శిశువులు కూడా ఉన్నారు. బకాయిలు చెల్లించకపోవడం వలన ద్రవ ప్రాణవాయువు సరఫరా నిలిచిపోయిన రోజులలోనే ఈ మరణాలు జరిగాయి. ప్రాణవాయువు కొరత వలన మరణాలు జరగలేదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఏది ఏమైనా, ప్రాణాధారమైన సరఫరా ఒక బిల్లు చెల్లింపుపై ఆధారపడి ఉన్నదన్న విషయం ఈ సంఘటనతో వెల్లడైనది.

2019 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోటలో జె.కె. లోన్ ఆసుపత్రిలో ఒకే నెలలో దాదాపు వంద మంది పిల్లలు మరణించినప్పుడు, అనేక పరికరాలు పనిచేయడం లేదని, చలికాలంలో కిటికీలు పగిలి ఉన్నాయని బయటపడింది. తక్కువ బరువు శిశువులకు చలి ఎంత ప్రమాదకరమో పైన వివరించబడింది. వార్మర్లను కొనడానికి నిధులు వచ్చినా, చెడిపోయిన వాటిని బాగుచేయించే ఏర్పాటు లేకపోవడం అనేక ఆసుపత్రులలో కనిపించే లోపం.

భద్రత, పారిశుధ్యం

నవజాత శిశు విభాగంలో ప్రాణవాయువు ఎక్కువగా ఉంటుంది. విద్యుత్ పరికరాలు రేయింబవళ్ళు పనిచేస్తుంటాయి. అందువలన అగ్ని ప్రమాదాలకు అవకాశం ఎక్కువ. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో మంటలు చెలరేగి 10 మంది నవజాత శిశువులు మరణించారు. ఏడుగురిని కాపాడగలిగారు. 2024 నవంబరు 15 రాత్రి ఉత్తర ప్రదేశ్‌లోని ఝాన్సీలో మహారాణి లక్ష్మీబాయి వైద్య కళాశాలలో జరిగిన అగ్ని ప్రమాదంలో 10 మంది శిశువులు ఆ రాత్రే మరణించారు.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చికిత్స పొందుతున్న ఒక నవజాత శిశువు ఎలుకలు కరచిన పిదప మరణించడం రాష్ట్రవ్యాప్తంగా ఆందోళన కలిగించింది. పదేళ్ళ తరువాత 2025లో మధ్య ప్రదేశ్‌లోని ఇండోర్‌లో మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో ఇద్దరు నవజాత శిశువులను ఎలుకలు కరచిన సంఘటన మళ్ళీ చోటుచేసుకున్నది. ఇద్దరు శిశువులూ మరణించారు. ఇటువంటి సంఘటనలు మొత్తం మరణాలలో అతి స్వల్ప భాగం. కాని ఆసుపత్రి నిర్వహణ ఎంతగా దిగజారినదో ఇవి తెలుపుతాయి.

గణాంకాలను అర్థం చేసుకొనే విధానం

ఆసుపత్రిలో జరిగిన మరణాల సంఖ్యను మాత్రమే చూసి ఆ ఆసుపత్రి మంచిచెడ్డలను నిర్ణయించడం సరికాదు. కోట ఆసుపత్రిలో 2019 మొత్తం మీద 963 మంది పిల్లలు మరణించారు. అంతకుముందు 2018లో మరణించినవారు వెయ్యికి పైగా ఉన్నారు. అంటే దేశమంతా నివ్వెరపోయిన 2019 నిజానికి ఆ ఆసుపత్రి చరిత్రలో అసాధారణమైన సంవత్సరం కాదు. ఏళ్ళ తరబడి జరుగుతున్నది ఒక నెలలో మాత్రమే వార్తగా మారింది.

2023లో సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య 24 గంటలలో తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న నాందేడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 మంది మరణించారు. వారిలో 12 మంది నవజాత శిశువులు. అనేకమంది శిశువులు ఇతర ఆసుపత్రుల నుండి విషమ పరిస్థితిలో వచ్చినవారేనని అధికారులు వివరించారు. ఇటువంటి వివరణలో నిజం ఉండవచ్చును, అది బాధ్యతను తప్పించుకొనే మాట కూడా కావచ్చును. ఏది నిజమో తేల్చడానికి ఆసుపత్రిలోనే పుట్టిన శిశువుల మరణాలను, బయట పుట్టి చేరిన శిశువుల మరణాలను వేరువేరుగా లెక్కించాలి.

ఉదాహరణకు ఒక ప్రాంతీయ ఆసుపత్రిలో 200 మంది శిశువులు పుట్టి, వారిలో ఇద్దరు అక్కడే మరణించారని అనుకుందాం. విషమించిన మరో పది మందిని జిల్లా ఆసుపత్రికి పంపగా వారిలో నలుగురు అక్కడ మరణించారని అనుకుందాం. రికార్డులలో ప్రాంతీయ ఆసుపత్రి రేటు వెయ్యికి 10గా కనిపిస్తుంది. నిజానికి అక్కడ పుట్టిన శిశువులలో ఆరుగురు మరణించారు గనుక రేటు వెయ్యికి 30. జిల్లా ఆసుపత్రి ఖాతాలో మాత్రం తన కాన్పు గదితో సంబంధం లేని నాలుగు మరణాలు చేరాయి. ఈ పద్ధతిలో శిశువులను త్వరగా పైకి పంపించివేసే ఆసుపత్రికి మంచి పేరు, ఎవరినీ కాదనకుండా చేర్చుకొనే ఆసుపత్రికి చెడ్డ పేరు వస్తాయి.

మరొక లోపం కూడా ఉన్నది. ఆశ లేదని తలచి వైద్యుల సలహాకు విరుద్ధంగా ఇంటికి తీసుకొనిపోయిన శిశువులు ఇంటి వద్ద మరణిస్తే ఆ మరణం ఆసుపత్రి లెక్కలో చేరదు. ప్రతి శిశు మరణాన్ని, దాని వెనుకనున్న జాప్యాలను సమీక్షించాలని భారత ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఇటువంటి సమీక్ష శిక్ష కోసం కాక, కారణం తెలుసుకోవడం కోసం జరిగినప్పుడే సిబ్బంది నిజం చెప్పగలుగుతారు. మరణం తరువాత ఒక డాక్టరును గాని, నర్సును గాని సస్పెండు చేసి ఊరుకుంటే లోపం అలాగే మిగిలిపోతుంది.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

2019-21 సర్వే ప్రకారం నవజాత శిశు మరణాల రేటు ఆంధ్రప్రదేశ్‌లో 19.9, తెలంగాణలో 16.8. ఉత్తర ప్రదేశ్ (35.7), బీహార్ (34.5) రాష్ట్రాలతో పోలిస్తే ఇది మెరుగు. కేరళతో (3.4) పోలిస్తే ఐదారు రెట్లు. రెండు తెలుగు రాష్ట్రాలలోను 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. కావున ఇంటి కాన్పులను తగ్గించడం ద్వారా ఇక్కడ సాధించగలిగినది చాలా తక్కువ. మిగిలిన దూరం ఆసుపత్రిలోని సేవను, తల్లి ఆరోగ్యాన్ని మెరుగుపరచడం ద్వారానే దాటవలసి ఉన్నది.

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి ఈ ప్రాంతంలో శిశు వైద్యానికి పేరుపొందిన ప్రభుత్వ ఆసుపత్రి. రాకుమారి నీలోఫర్ పరిచారిక కాన్పు సమయంలో మరణించడం ఈ ఆసుపత్రి స్థాపనకు ప్రేరణ అని చెబుతారు. తెలంగాణ జిల్లాల నుండే గాక పొరుగు రాష్ట్రాల నుండి కూడా విషమ స్థితిలోని శిశువులను ఇక్కడకు తీసుకొని వస్తారు. విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి, గుంటూరు, కాకినాడ, కర్నూలు ప్రభుత్వ సర్వజనాసుపత్రులు ఆంధ్రప్రదేశ్‌లో ఇదే విధమైన భారాన్ని మోస్తున్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్ పథకం క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు విడతలుగా ఇవ్వాలని నిర్ణయించారు. దీనివలన ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పులు పెరిగాయి. కాన్పులు పెరిగిన మేరకు పడకలు, నర్సులు పెరగకపోతే రద్దీ వలన కలిగే ముప్పు కూడా పెరుగుతుందన్నది ఇటువంటి పథకాలన్నిటికీ వర్తించే విషయం.

నివారణ మార్గాలు

నవజాత మరణాలను తగ్గించే పద్ధతులలో చాలావరకు ఖర్చు తక్కువైనవి.

* తల్లి ఒడి సంరక్షణ: తక్కువ బరువు శిశువును తల్లి రొమ్ములకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే ఈ పద్ధతిని కంగారూ సంరక్షణ అని కూడా అంటారు. ఇది 1970 దశకం చివరలో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్ల కొరత వలన పుట్టినది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాలలో జరిపి 2021లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతిని మొదలుపెట్టిన శిశువులలో 28 రోజులలోపు మరణాలు 12 శాతం కాగా, శిశువు పరిస్థితి కుదుటపడిన తరువాత మొదలుపెట్టినవారిలో 15.7 శాతం.
* ముర్రుపాలు: పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టడం వలన శిశువుకు రోగనిరోధక శక్తి లభిస్తుంది. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 41.8 శాతం శిశువులకు, తెలంగాణలో 37.1 శాతం శిశువులకు మాత్రమే గంటలోపు పాలు పట్టారు. సిజేరియన్ తరువాత తల్లిని, బిడ్డను వేరుగా ఉంచడం దీనికి ఒక కారణం.
* చేతుల శుభ్రత: శిశువును తాకిన ప్రతిసారీ చేతులు కడుక్కోవడం, బొడ్డుతాడును పొడిగా, శుభ్రంగా ఉంచడం.
* డెక్సామెథసోన్ ఇంజెక్షన్: నెలలు నిండకుండానే నొప్పులు వచ్చిన తల్లికి దీనిని ఇస్తే శిశువు ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయి. భారతదేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రులలో జరిపి 2020లో ప్రకటించిన అధ్యయనంలో దీనివలన మరణాలు తగ్గాయి. కాని 2015లో వెలువడిన మరొక అధ్యయనంలో, గర్భకాలాన్ని సరిగా అంచనా వేయలేని, నవజాత శిశు వైద్యం అందుబాటులో లేని చోట్ల దీనిని విరివిగా వాడినప్పుడు మేలు జరగలేదు. మందు ఒక్కటే సరిపోదని, దాని చుట్టూ ఆసుపత్రి వ్యవస్థ ఉండాలని దీనివలన తెలుస్తున్నది.
* ఇంటి వద్ద సంరక్షణ: తెలంగాణకు పొరుగున ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి నవజాత శిశువులను ఇంటి వద్దనే పరిశీలింపజేశారు. 39 గ్రామాలలో జరిగిన ఈ ప్రయత్నంలో నవజాత మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2011 నుండి ఆశా కార్యకర్తలు దేశమంతటా ఇంటింటికీ వెళ్ళి నవజాత శిశువులను చూడడానికి ఇదే మూలం.

లక్ష్యాలు

ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల ప్రకారం 2030 నాటికి ప్రతి దేశం నవజాత మరణాల రేటును 12కు లేదా అంతకంటే తక్కువకు తీసుకొని రావాలి. భారతదేశపు 2014 నాటి కార్యాచరణ ప్రణాళిక అంతకంటే ముందుకు వెళ్ళి, 2030 నాటికి ఒకే అంకెకు తగ్గించాలని నిర్దేశించింది. 2017 డిసెంబరులో ప్రారంభించిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదుల నాణ్యతను పరీక్షించి ధ్రువపత్రాలు ఇవ్వడానికి ఉద్దేశించినది.

కేరళ ఈ లక్ష్యాన్ని ఇప్పటికే దాటింది. కావున ఇది భారతదేశపు పరిస్థితులలో అసాధ్యమైనది కాదు. గర్భిణికి తగిన ఆహారం, కాన్పు బల్ల వద్ద శిక్షణ పొందిన నర్సు, దారిలో శిశువును వెచ్చగా ఉంచే అంబులెన్సు, వార్మర్‌కు ఒక్క శిశువు, శుభ్రమైన చేతులు, నిజాయితీతో నమోదైన లెక్క అన్నవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వీటిలో ఏది లోపించినా మరణం నమోదయ్యేది మాత్రం ఆఖరి ఆసుపత్రిలోనే.